పిండం గుండెలో శోషరస నాళాలు చూడాలంటే ఏ యాంటీబాడీ కొనాలి: ఏఎఫ్2727, 11-034, ఏఎఫ్743 సమీక్ష

మౌస్ పిండం గుండె మీద శోషరస నాళాలు (లింఫాటిక్స్) ఎలా పుట్టి పాకుతాయో చూసే ల్యాబుల కొనుగోలు జాబితాలో తరచూ కనిపించే యాంటీబాడీలు (ఒక నిర్దిష్ట ప్రోటీన్‌కు అంటుకుని, రంగుతో దాన్ని చూపేవి) మూడు. ఆర్ అండ్ డి సిస్టమ్స్ వాళ్ల మేక యాంటీ-ప్రాక్స్1, కేటలాగ్ నంబరు ఏఎఫ్2727. యాంజియోబయో వాళ్ల కుందేలు యాంటీ-లైవ్1, నంబరు 11-034. మళ్లీ ఆర్ అండ్ డి వాళ్లదే మేక యాంటీ-వీఈజీఎఫ్ఆర్3, నంబరు ఏఎఫ్743. మేక, కుందేలు అన్నవి యాంటీబాడీ తయారైన జంతువులు, యాంటీ- తర్వాతి పేరు అది పట్టుకునే ప్రోటీన్‌ది. మూడూ పాలీక్లోనల్, అంటే ఒకే ప్రోటీన్‌ను పట్టుకునే రకరకాల యాంటీబాడీల మిశ్రమం. మూడూ మంచి సరుకే. అయితే చర్మం మీదా పేగు పొర మీదా చక్కగా పనిచేసిన పద్ధతిని ఉన్నదున్నట్టు గుండె మీదకు తెస్తే మాత్రం మూడూ తప్పుదారి పట్టిస్తాయి.

తీర్పు ముందే చెప్పేస్తాం. మొదట ఏఎఫ్2727, దానికి జోడీగా 11-034 కొనండి. ఏఎఫ్743 ఆ తర్వాత, అదీ ప్రశ్నను బట్టి. లైవ్1 ఒక్కదాన్నే నమ్ముకుని పిండం గుండె గురించి ఏ నిర్ధారణా రాయకండి. ఎందుకన్నదే ఈ సమీక్షలో ఎక్కువ భాగం.

యాంటీబాడీ పనిచేసిందో లేదో తేల్చాలంటే ఏ వయసులో ఏం కనిపించాలో ముందుగా తెలియాలి. జత కట్టిన మర్నాటి ఉదయం యోని ప్లగ్ కనిపిస్తే ఆ రోజు మధ్యాహ్నాన్ని ఇ0.5గా (రోజుల్లో పిండం వయసు) లెక్కిస్తారు. ఆ లెక్కన ఇ12.5 దగ్గర గుండె పైభాగాన, రక్తం బయటికి పోయే నాళం చుట్టూ అక్కడక్కడ కొన్ని కణాలే ఉంటాయి. ఇ14.5కి రెండు చోట్ల పొట్టి మొలకలు స్పష్టమవుతాయి. ముందువైపు బృహద్ధమని, పుపుస ధమని మొదళ్ల దగ్గర ఒక గుంపు. వెనకవైపు సైనస్ వీనోసస్ (సిరల రక్తం గుండెలోకి చేరే చోటు) దగ్గర ఇంకొకటి. అక్కణ్ణుంచి నాళాలు ఎపికార్డియం (గుండె పైపొర) కిందుగా కొసవైపు దిగుతాయి. ఇ16.5కి జఠరికల మధ్యభాగం దాకా, ఇ18.5కి ఇంకా కిందికి. పుట్టాక కూడా పెరుగుదల ఆగదు, సుమారు రెండు వారాల వయసుకు గానీ వల పూర్తికాదు. కాబట్టి ఇ12.5 గుండె మీద నిండుగా వల కనిపించిందంటే సంతోషించకండి, అది లింఫాటిక్స్ కాదు. మీ యాంటీబాడీ ఇంకేదో పట్టుకుంది.

అలా పట్టుకునేవాటిలో మొదటిది మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణం. లైవ్1 అంటే హయలురోనాన్ అనే పిండి పదార్థాన్ని పట్టుకునే గ్రాహకం. 1999లో దీన్ని గుర్తించినప్పటి నుంచి శోషరస నాళాలకు ఇది ఇష్టమైన గుర్తుగా నడుస్తోంది. పిండం గుండె దగ్గర చిక్కేమిటంటే, ఎపికార్డియం కింద చేరే మాక్రోఫేజ్‌లలో చాలావాటి మీద కూడా లైవ్1 దండిగా ఉంటుంది. అవి పక్కపక్కన నిలిచి, కాళ్లు చాచి, ఒకదాన్నొకటి ముట్టుకుంటే తక్కువ మాగ్నిఫికేషన్‌లో సన్నని నాళంలాగే కనిపిస్తాయి. పైగా అవి శోషరస నాళాల కొసల దగ్గరే మసులుతాయి. 2021లో ఆక్స్‌ఫర్డ్ బృందం చూపినట్టు, గుండెలో మొదటి శోషరస వల సరైన తీరులో ఏర్పడాలంటే ఈ మాక్రోఫేజ్‌లు ఉండాలి. అంటే నాళమూ, దానికి అంటుకున్న మాక్రోఫేజ్ రెండూ ఒకే రంగులో వెలుగుతుంటే, ఎక్కడ ఒకటి ముగిసి ఇంకోటి మొదలైందో 11-034 చెప్పలేదు. ఇది యాంటీబాడీ లోపం కాదు. లైవ్1 ఉన్నచోటల్లా అది నిజాయితీగా అంటుకుంటోంది.

రెండో చిక్కు పిండం రక్తనాళాలు. పచ్చసొన సంచిలోనూ, కార్డినల్ సిరలోనూ, ఇంకొన్ని రక్తనాళాల్లోనూ ఒక దశలో లైవ్1 ఉంటుంది. గుండెకు చేరువలో సిరలు కలిసేచోట, చిన్న వయసు పిండంలో, లైవ్1 వెలుగు కనిపించినంత మాత్రాన అది శోషరస కణం అయిపోదు.

ఇన్ని చెప్పినా 11-034ని ఎందుకు కొనమంటున్నామంటే, నాళం ఆకారాన్ని ఇంత బాగా చూపేది ఇంకొకటి లేదు. కణం అంచంతా వెలుగుతుంది. కొసల నుంచి బయటికి పొడుచుకొచ్చే సన్నని ఫిలోపోడియాలు కూడా విడివిడిగా తెలుస్తాయి. నేపథ్యం శుభ్రంగా ఉంటుంది, 1:200 డైల్యూషన్‌కే సంకేతం బలంగా వస్తుంది. కొమ్మలు లెక్కపెట్టాలన్నా పొడవు కొలవాలన్నా దీని చిత్రం మీదే చేయాలి. ఆబ్‌కామ్ వాళ్ల కుందేలు యాంటీ-లైవ్1 ఏబీ14917 కూడా ఈ పనికి వస్తుంది. కుందేలు స్థానం వేరే యాంటీబాడీకి కావలసి వస్తే ఏఎల్‌వై7 అనే ర్యాట్ మోనోక్లోనల్ (ఒకే రకం యాంటీబాడీ) ఉంది. రంగు ముందే అతికించిన రూపంలోనూ అది దొరుకుతుంది కనుక సెకండరీ (మొదట వేసిన యాంటీబాడీని, అంటే ప్రైమరీని, పట్టుకునే రంగు యాంటీబాడీ) గొడవ ఒకటి తగ్గుతుంది.

ఇప్పుడు ప్రాక్స్1. శోషరస కణం గుర్తింపును నిలబెట్టే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ (ఇతర జన్యువులను నడిపే ప్రోటీన్) ఇదే. ఈ జన్యువు లేని మౌస్ పిండాల్లో శోషరస వ్యవస్థే ఏర్పడదని 1999లో విగిల్, ఆలివర్ చూపారు. ఏఎఫ్2727ని మానవ ప్రోటీన్‌కు ఎదురుగా తయారుచేశారు, మౌస్ మీద కూడా బాగా పనిచేస్తుంది. కేంద్రకంలో మాత్రమే వెలుగుతుంది కాబట్టి కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు. మాక్రోఫేజ్‌లలో ప్రాక్స్1 ఉండదు. లైవ్1 గీతలో వరసగా ప్రాక్స్1 కేంద్రకాలు, నాళం పొడవునా సాగిన కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తే అది శోషరస నాళం. లైవ్1 ఉండి ప్రాక్స్1 లేకపోతే దాదాపు ఎప్పుడూ మాక్రోఫేజే. ఈ ఒక్క పరీక్షతో సగం తప్పులు ఆగిపోతాయి.

గుండెలో దీనికీ ఒక మెలిక ఉంది, చర్మం మీద పనిచేసేవాళ్లకు అది ఎదురుపడదు. పిండం గుండె కండర కణాల కేంద్రకాల్లో కూడా ప్రాక్స్1 ఉంటుంది. కండర నిర్మాణం సరిగ్గా నిలవడానికి అది అవసరమని 2009లోనే తెలిసింది. కవాటాలను కప్పే కణాల పొర (ఎండోథీలియం)లోనూ కనిపిస్తుంది. అందుకే గుండె మీద ఏఎఫ్2727 వేస్తే నేపథ్యమంతా సన్నగా చుక్కలు చుక్కలుగా ఉంటుంది. చాలామంది దాన్ని నాన్-స్పెసిఫిక్ అనుకుని డైల్యూషన్ పెంచుతారు, అప్పుడు శోషరస కణాలు కూడా మసకబారతాయి. ఆ చుక్కలు నిజమైనవే. వాటిని పోగొట్టనక్కరలేదు, వేరుచేస్తే చాలు. శోషరస కేంద్రకాలు గట్టిగా వెలుగుతాయి, ఎపికార్డియం కింద పలచని పొరలో ఒకే మట్టంలో ఉంటాయి, లైవ్1 అంచు వాటి చుట్టూ ఉంటుంది. కండర కేంద్రకాలు నీరసంగా, గుండ్రంగా, ఇంకాస్త లోతులో ఉంటాయి. స్టాక్ (లోతు మారుస్తూ తీసిన చిత్రాల వరస) మొత్తాన్ని ఒకే చిత్రంగా కుదించేస్తే ఈ తేడా పోతుంది. పై 40, 50 మైక్రాన్లను మాత్రమే విడిగా కుదించి చూడండి.

వీఈజీఎఫ్ఆర్3 గురించి క్లుప్తంగా. శోషరస కణాలను లాగే వీఈజీఎఫ్-సి సంకేతాన్ని అందుకునే గ్రాహకం ఇది. ముదిరిన పిండంలో శోషరస కణాలకే దాదాపు పరిమితమవుతుంది, కానీ చిన్న వయసులో సిరల్లోనూ, మొలకెత్తుతున్న రక్తనాళాల్లోనూ ఉంటుంది. గుండెలో అసలు ఇబ్బంది స్థలం వల్ల వస్తుంది. కరోనరీ నాళాల మొలకలు బృహద్ధమని మొదలు చుట్టూ అల్లుకునే రోజులూ, శోషరస మొలకలు అదే చోటికి వచ్చే రోజులూ ఒకదానిమీద ఒకటి పడతాయి. ఇ12.5, ఇ13.5 గుండెల్లో అక్కడ ఏఎఫ్743 వెలుగు మాత్రమే చూసి ఏది ఏదో చెప్పడం సాధ్యం కాదు. ఇ15.5 దాటాక బాగా ఉపయోగపడుతుంది. వీఈజీఎఫ్-సి దారిని మార్చిన మౌస్‌లలో గ్రాహకం పరిమాణం చూడాలనుకునేవాళ్లు తప్పక కొనాలి, తక్కినవాళ్లకు తొందరలేదు.

శోషరస కణాల ఇంకో గుర్తు పోడోప్లానిన్‌కు యాంటీబాడీ కూడా కొందామా అని అడుగుతారు. పిండం గుండె పైపొర పని అయితే వద్దు. ఎపికార్డియం కణాల మీదే పోడోప్లానిన్ ఉంటుంది. గుండె చుట్టూ రంగు దుప్పటి కప్పినట్టవుతుంది, కింద ఉన్న నాళం కనిపించదు.

ఇంత పట్టుబట్టి రెండు గుర్తులు కావాలనడానికి వెనక ఈ రంగంలోని పెద్ద వాదమే ఉంది. శోషరస నాళాలు సిరల నుంచే మొలకెత్తుతాయన్నది 1902లో ఫ్లోరెన్స్ సేబిన్ పంది పిండాల్లోకి సిరా ఎక్కించి చెప్పిన మాట. చాలాకాలం అదే నిలిచింది. గుండె విషయంలో 2015లో పాల్ రైలీ బృందం వేరే మాట చెప్పింది. గుండె లింఫాటిక్స్‌లో కొంత భాగం సిరల వంశానికి చెందదనీ, మూలాలు ఒకటికంటే ఎక్కువనీ. 2019లో స్టోన్, స్టెయినియర్ పారాక్సియల్ మీసోడెర్మ్ (పిండం వెన్ను పక్కనుండే మధ్యపొర) శోషరస కణాలకు పెద్ద మూలమని చూపారు. 2020లో ఇంకో బృందం, రెండో హృదయ క్షేత్రం (గుండెకు కణాలనిచ్చే పిండ ప్రాంతాల్లో ఒకటి) నుంచి వచ్చే కణాలు గుండె లింఫాటిక్స్‌కు తోడ్పడతాయని చూపింది. ఈ వాదంలో సాక్ష్యం తరచూ ఏ రూపంలో ఉంటుందంటే, ఏ నాళానికీ అతుక్కోని విడి కణాల గుంపు, వంశపు గుర్తుతో (కణం ఏ మూలం నుంచి వచ్చిందో చూపే గుర్తు) వెలుగుతూ. ఆ విడి గుంపు శోషరస పూర్వకణాలా, లైవ్1 ఉన్న మాక్రోఫేజ్‌లా అన్నదే ప్రాణప్రశ్న. రెండిట్లో కొన్నిటి మూలం పచ్చసొన సంచి కావచ్చు కాబట్టి వంశపు గుర్తు ఒక్కటే ఆ ప్రశ్నను తీర్చదు. ప్రాక్స్1 లేకుండా వేసిన అలాంటి చిత్రాన్ని గట్టి సమీక్షకులు వెనక్కి పంపుతారు, పంపాలి కూడా.

జోడీలు కుదర్చడంలోనే డబ్బు ఎక్కువగా వృథా అవుతుంది. ఏఎఫ్2727, ఏఎఫ్743 రెండూ మేకవే, కాబట్టి ఒకే గుండె మీద కలిపి వాడలేరు. ప్రాక్స్1, వీఈజీఎఫ్ఆర్3 రెండూ కలిపి కావాలంటే ప్రాక్స్1 కోసం యాంజియోబయో కుందేలు యాంటీబాడీ 11-002 తీసుకుని, మేక స్థానం ఏఎఫ్743కి వదలండి. మామూలు పనికి మేము సిఫార్సు చేసే త్రయం ఇది: మేక ఏఎఫ్2727, కుందేలు 11-034, వాటితో ర్యాట్ యాంటీ-ఎండోమ్యూసిన్, వీ.7సీ7 క్లోన్. ఎండోమ్యూసిన్ సిరలను, కేశనాళికలను, గుండె లోపలి పొరను చూపుతుంది, ధమనుల్లో మసకబారుతుంది. వెనకవైపు శోషరస నాళాలు కరోనరీ సిరల వెంబడి నడవడం ఇదొక్కటి ఉంటే కళ్లారా కనిపిస్తుంది. ఏది సిర, ఏది శోషరసం అన్న అనుమానమూ తీరుతుంది.

ఇందులో మేక ప్రైమరీ ఉంది కాబట్టి సెకండరీలన్నీ గాడిదవే కావాలి. ఫ్రిజ్‌లో మేక యాంటీ-రాబిట్ ఉంది కదా అని దాన్ని వాడితే, గాడిద యాంటీ-గోట్ వెళ్లి ఆ మేక సెకండరీనే పట్టుకుంటుంది. అప్పుడు లైవ్1 ఉన్నచోటల్లా ప్రాక్స్1 ఉన్నట్టు కనిపిస్తుంది, మాక్రోఫేజ్‌లన్నీ శోషరస కణాలైపోతాయి. ఈ పొరపాటును పట్టుకునే గుర్తు ఒకటే. ప్రాక్స్1 చానెల్‌లో కేంద్రకం కాకుండా కణం అంచు వెలుగుతోందా చూడండి. వెలిగితే ఆ ప్రయోగం పారేయాల్సిందే. గాడిద యాంటీ-ర్యాట్ కొనేటప్పుడు మౌస్ ప్రోటీన్లతో అడ్సార్బ్ చేసినదేనని (మౌస్ ప్రోటీన్లను పట్టుకునే భాగం తీసేసినదేనని) లేబుల్ చూసుకోండి. కాకపోతే మౌస్ కణజాలంలో సహజంగా ఉండే యాంటీబాడీలను కూడా అది పట్టుకుంటుంది.

బ్లాకింగ్ ద్రావణం (యాంటీబాడీలు అనవసరమైన చోట అంటుకోకుండా ఆపేది) గురించి కూడా ఒక మాట, దీన్ని చాలా ప్రోటోకాల్స్ పట్టించుకోవు. అందరూ అలవాటుగా వేసే బీఎస్ఏ (బొవైన్ సీరం ఆల్బుమిన్ అనే ప్రోటీన్) ఆవు రక్తం నుంచి వచ్చేది. అందులో ఆవు యాంటీబాడీలు కొద్దిగా మిగిలి ఉంటాయి. మేకా ఆవూ దగ్గరి బంధువులు కాబట్టి యాంటీ-గోట్ సెకండరీ వాటినీ పట్టుకుంటుంది. ఫలితం, గుండె అంతా మసక వెలుగు, నీరసపడ్డ ప్రాక్స్1. పాల పొడి వేస్తే ఇంకా ఘోరం. మేక సీరం అయితే చెప్పనే అక్కరలేదు. 10 మిల్లీలీటర్ల బ్లాకింగ్ కోసం 1 మిల్లీలీటరు గాడిద సీరం, 10 శాతం ట్రైటన్ ఎక్స్-100 (కణాల పొరలను తెరిచే డిటర్జెంట్) నిల్వ ద్రావణం నుంచి 300 మైక్రోలీటర్లు, మిగతా 8.7 మిల్లీలీటర్లు పీబీఎస్ (ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణం). అంతే. రాత్రుళ్లు దాటి ఉంచాలంటే 10 శాతం సోడియం అజైడ్ నుంచి 20 మైక్రోలీటర్లు కలపండి. బీఎస్ఏ కావాల్సిందే అనుకుంటే ఆవు యాంటీబాడీలు తీసేసిన రకం విడిగా అమ్ముతారు.

గుండెను బయటికి తీసే తీరే చాలాచోట్ల ఫలితాన్ని పాడుచేస్తుంది. నాళాలు గుండెలోకి వచ్చేదే పైనుంచి, పెద్ద ధమనుల మొదళ్ల వెంబడి. అందం కోసం ఆ మొదళ్లను కత్తిరించేస్తే ఇ12.5, ఇ13.5 గుండెల్లో చూడవలసినదంతా చెత్తబుట్టలోకి పోతుంది. ఊపిరితిత్తులను, థైమస్‌ను తీసేయండి గానీ బృహద్ధమని, పుపుస ధమని, మహాసిరల మొదళ్లను కాస్త పొడవుగా ఉంచండి. ఫోర్సెప్స్‌తో వాటినే పట్టుకోండి, జఠరిక గోడను తాకకండి. ఎపికార్డియం చిరిగితే కింద ఉన్న నాళం దానితోపాటే ఊడి వస్తుంది. తీసిన గుండెను హెపరిన్ కలిపిన పీబీఎస్‌లో గది వేడిమి దగ్గర రెండు, మూడు నిమిషాలు వదిలితే అదే కొట్టుకుంటూ రక్తాన్ని బయటికి నెడుతుంది. తర్వాత ఐసు మీద చల్లని పీబీఎస్‌లోకి మార్చండి. మిగిలిన ఎర్ర కణాలు ఆకుపచ్చ చానెల్‌లో తమంతట తామే వెలుగుతాయి, అదే చిత్రాల్లో సగం చెత్తకు కారణం.

ఫిక్సింగ్‌కు 4 శాతం పారాఫార్మాల్డిహైడ్, 4 డిగ్రీల దగ్గర. ఇ12.5కి ఒకటి నుంచి రెండు గంటలు, ఇ14.5కి రెండు నుంచి నాలుగు, ఇ16.5 దాటితే రాత్రంతా. లైవ్1 ఎక్కువసేపు ఫిక్స్ చేసినా తట్టుకుంటుంది. ప్రాక్స్1 తట్టుకోదు. శుక్రవారం పెట్టి సోమవారం తీసిన గుండెల్లో లైవ్1 బ్రహ్మాండంగా వచ్చి ప్రాక్స్1 రాకపోతే యాంటీబాడీని తిట్టకండి. పారాఫార్మాల్డిహైడ్ కూడా ఆ వారం కలిపినదో, గడ్డకట్టించి దాచి ఒక్కసారే కరిగించినదో అయి ఉండాలి.

పీబీఎస్‌లో అరగంట చొప్పున మూడుసార్లు కడిగి, 0.5 శాతం ట్రైటన్‌లో ఇ14.5 గుండెను రెండు గంటలు, ఇ16.5 పైబడితే రాత్రంతా ఉంచండి. కేంద్రకం లోపలికి యాంటీబాడీ చేరాలి కాబట్టి ఈ మెట్టులో కక్కుర్తి పనికిరాదు. పై పొరలో లైవ్1 బాగుండి ప్రాక్స్1 అక్కడక్కడే వస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. బ్లాకింగ్ గది వేడిమిలో రెండు గంటలు, లేదా చల్లగా రాత్రంతా.

ప్రైమరీలను బ్లాకింగ్ ద్రావణంలోనే కలపాలి. ఏఎఫ్2727 1:100, 11-034 1:200, ఎండోమ్యూసిన్ 1:50 నుంచి మొదలుపెట్టండి. ఇ14.5 గుండె 200 మైక్రోలీటర్లలో మునుగుతుంది. ఇ14.5 దాకా ఒక రాత్రి చాలు. ఇ16.5, ఇ18.5లకు 4 డిగ్రీల దగ్గర, మెల్లగా తిప్పుతూ, రెండు నుంచి మూడు రోజులు. గుండె ట్యూబు అడుగున కదలకుండా పడి ఉంటే కింది వైపు రంగు పట్టదు, వెనకవైపు నాళాలే లేవన్న తప్పుడు లెక్క వస్తుంది. తర్వాత 0.1 శాతం ట్రైటన్ కలిపిన పీబీఎస్‌లో గంటకోసారి మారుస్తూ ఐదారు సార్లు కడగాలి. సెకండరీలు 1:500, వాడేముందు పది నిమిషాలు గట్టిగా సెంట్రిఫ్యూజ్ చేసి పైనున్నదే తీసుకోవాలి. లేకపోతే ముద్దలు గుండె మీద నక్షత్రాల్లా మెరుస్తాయి. రాత్రంతా చీకట్లో ఉంచి మళ్లీ అలాగే కడగండి.

ఏ రంగు (కింది అంకెలు నానోమీటర్లలో కాంతి తరంగదైర్ఘ్యాన్ని చెప్పేవి) దేనికన్నదీ ముఖ్యమే. అన్నిటికంటే నీరసమైన ప్రాక్స్1కి 647 ఇవ్వండి, అక్కడ కణజాలం తనంతట తాను వెలగడం తక్కువ. లైవ్1కి 555 లేదా 568. బలంగా వచ్చే ఎండోమ్యూసిన్‌ను ఎర్ర కణాల గోల ఉండే 488కి వదిలేయవచ్చు. స్కాన్ చేసేటప్పుడు చానెళ్లను ఒకదాని తర్వాత ఒకటి తీయండి.

పారదర్శకం చేసే ఖరీదైన కిట్ కొనాలా అన్న ప్రశ్నకు మా జవాబు, ఇ16.5 దాకా అక్కరలేదు. ఈ వయసులో చూడవలసిన నాళాలు దాదాపు అన్నీ ఎపికార్డియం కిందే ఉంటాయి. గుండెను గాజు అడుగున్న డిష్‌లో 1 శాతం లో-మెల్ట్ అగరోజ్‌లో నిలబెట్టి, 10ఎక్స్ లేదా 20ఎక్స్ లెన్సుతో ముందువైపు 100 నుంచి 150 మైక్రాన్ల స్టాక్ తీసి, తిప్పి వెనకవైపు అంతే తీస్తే సరిపోతుంది. కవర్‌స్లిప్ కింద నొక్కకండి, నొక్కితే వైశాల్యం పెరిగి కొలతలన్నీ తప్పుతాయి. గోడ లోపలికి దిగే నాళాలు, పుట్టాక గుండెలు కావాలంటేనే క్లియరింగ్ (పారదర్శకం చేయడం) వైపు వెళ్లండి. అప్పుడు కూడా రిపోర్టర్ మౌస్‌లో (ఎంచిన కణాల్లో జీఎఫ్‌పీ లాంటి వెలిగే ప్రోటీన్ ఉండేలా చేసిన మౌస్) మిథనాల్ వాడే పద్ధతి పెడితే జీఎఫ్‌పీ వెలుగు పోతుందని, దానికి యాంటీబాడీ విడిగా వేసుకోవాలని మరవకండి. ప్రాక్స్1 రిపోర్టర్ మౌస్‌లు ఉన్న ల్యాబుకు ఏఎఫ్2727 అవసరం కొంత తగ్గుతుంది. అయినా రిపోర్టర్ వెలుగు ప్రోటీన్ పోయాక కూడా కొంతకాలం మిగిలిపోవచ్చు కాబట్టి, జన్యువు తీసేసిన పిండాల్లో యాంటీబాడీ మాటే ఫైనల్.

కంట్రోల్స్ (పోల్చి చూసే నమూనాలు) కోసం వేరే డబ్బు పెట్టనక్కరలేదు, అదే పిండంలో ఉన్నాయి. ఇ14.5 వీపు చర్మం ముక్కను గుండెతోపాటు అదే ట్యూబులో వేయండి. అందులో లైవ్1, ప్రాక్స్1 కలిసిన శోషరస నాళాలు తప్పకుండా ఉండాలి. కాలేయం చిన్న ముక్క కూడా వేయండి, అక్కడి కాలేయ కణాల కేంద్రకాల్లో ప్రాక్స్1 గట్టిగా వస్తుంది. చర్మంలో వచ్చి గుండెలో రాకపోతే జీవశాస్త్రం. రెండిట్లోనూ రాకపోతే రంగు వేయడంలో లోపం. ప్రైమరీ లేకుండా సెకండరీలు మాత్రమే వేసిన గుండె ఒకటి ప్రతి బ్యాచ్‌లోనూ ఉండాలి. మాక్రోఫేజ్‌ల మీద ఇంకా అనుమానం మిగిలితే ఎఫ్4/80 లేదా సీడీ68 అనే మాక్రోఫేజ్ గుర్తుతో ఒక గుండెను విడిగా చూడండి.

కొలిచేటప్పుడు మ్యూటెంట్ (జన్యువు మారిన) గుండె చిన్నదైతే నాళాల పొడవు కూడా సహజంగానే తగ్గుతుంది. అందుకే పొడవును, కొమ్మల సంఖ్యను ఆ వైపు జఠరికల వైశాల్యంతో భాగించాలి. ముందువైపు, వెనకవైపు విడివిడిగా రాయండి. రెండూ వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన నాళాలు, కలిపి సగటు తీస్తే ఒకవైపు లోపం రెండోవైపు కింద దాక్కుంటుంది.

ఇక డబ్బు లెక్క. ఏఎఫ్2727 100 మైక్రోగ్రాముల ప్యాకు ఎండు పొడిగా వస్తుంది. 500 మైక్రోలీటర్ల స్టెరైల్ పీబీఎస్ కలిపితే మిల్లీలీటరుకు 0.2 మిల్లీగ్రాములు అవుతుంది. 1:100 లెక్కన ఇ14.5 గుండె ఒక్కదానికి 2 మైక్రోలీటర్లు, అంటే 0.4 మైక్రోగ్రాములు. కాగితం మీద 250 గుండెలు. పైపెట్‌కు అంటుకునేది, కంట్రోల్స్ తీసేస్తే 200 అనుకోండి. పెద్ద ప్రాజెక్టుకు అందుకే పెద్ద ప్యాకే చవక. పరీక్షించి చూడటానికి 25 మైక్రోగ్రాముల చిన్న ప్యాకూ ఉంది. పొడి ప్యాకు మామూలు వేడిమిలోనే రవాణా అవుతుంది, చిన్న ప్యాకు చల్లదనం ప్యాకులతో పంపుతారు. హైదరాబాద్, విశాఖ లాంటి చోట్ల ఏప్రిల్, మే నెలల్లో దిగుమతి చేసుకునే ల్యాబులకు ఈ తేడా చిన్నది కాదు. కస్టమ్స్‌లో రెండు రోజులు ఆగినా పొడి ప్యాకు విషయంలో భయం తక్కువ. డిస్ట్రిబ్యూటర్‌కు ఆర్డరిచ్చేటప్పుడే లాట్ (తయారీ దఫా) నంబరు, గడువు తేదీ రాతలో అడగండి.

కరిగించాక తెరిచిన సీసాను ఫ్రిజ్ తలుపులో పెట్టి నెలల తరబడి వాడటం ఈ యాంటీబాడీని చంపే అసలు అలవాటు. కరిగించాక శుభ్రంగా ఉంచితే 2 నుంచి 8 డిగ్రీల దగ్గర ఒక నెల, మైనస్ 20 లేదా అంతకన్నా చల్లగా ఉంటే ఆరు నెలలు అని తయారీదారు చెబుతారు. 10 మైక్రోలీటర్ల చొప్పున 50 ట్యూబుల్లో పంచేయండి, ఒక్కో ట్యూబు ఐదు ఇ14.5 గుండెలకు సరిపోతుంది. కరిగించి మళ్లీ గడ్డకట్టించకండి, మంచు దానంతట కరిగించుకునే ఇంటి రకం ఫ్రీజర్‌లో పెట్టకండి.

మూడూ పాలీక్లోనల్ కాబట్టి లాట్ మారినప్పుడల్లా బలం కొంత మారుతుంది. కొత్త లాట్ వచ్చిన వారమే, పాత లాట్ ఇంకా మిగిలి ఉండగానే, ఒకే కాన్పులోని ఇ14.5 గుండెలు తీసుకోండి. పాతది 1:100, కొత్తది 1:50, 1:100, 1:200 వేసి, మైక్రోస్కోపు సెట్టింగులు ముట్టుకోకుండా నాలుగూ తీయండి. శోషరస కేంద్రకం వెలుగుకూ పక్కనున్న కండర కేంద్రకం వెలుగుకూ మధ్య తేడా ఎందులో ఎక్కువుంటే ఆ డైల్యూషన్‌ను ట్యూబుల మూతల మీద లాట్ నంబరుతో సహా రాసిపెట్టండి.